సీడీ కొట్లు ఎందుకు పోయాయి? ఇప్పుడు విశాఖలో పెడితే నడుస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ నాన్నగారికి గాజువాకలో క్యాసెట్లు, సీడీల షాపు ఉండేది, 2013లో మూసేశారు. పదకొండు అట్టపెట్టెల సరుకు ఇంకా ఇంట్లోనే ఉంది. మీరు బెంగళూరులో ఉద్యోగం మానేసి వచ్చి, సిరిపురంలో ఎల్పీ రికార్డులు, సీడీలు, పక్కనే కాఫీ పెట్టి షాపు తెరుద్దామనుకుంటున్నారు. అద్దె 40 వేలు, అడ్వాన్సు 4 లక్షలు. "ఇంగ్లండులో హెచ్‌ఎంవీ సీడీల షాపు మళ్లీ తెరిచారు కదా, ఇక్కడెందుకు నడవదు? అసలు మన షాపుల్ని చంపింది ఇంటర్నెట్టేనా?" అన్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ అద్దెకి, ఆ సరుకుతో పెట్టకండి. అడ్వాన్సు చేతిలోంచి జారకపోతే ఈరోజే ఆపేయండి. రెండో ప్రశ్నకి వస్తే, ఇంటర్నెట్ ఆఖర్న వచ్చి షట్టరు దించింది, అంతే. అప్పటికే కొట్టు లోపల సగం ఖాళీ. నేను 1988 నుంచి 2015 ఏప్రిల్ దాకా డాబాగార్డెన్స్‌లో ఇదే వ్యాపారం చేశాను. జియో వచ్చింది 2016 సెప్టెంబరు 5న. నేను మూసేసిన దాదాపు ఏడాదిన్నరకి. అందరూ జియో పేరు చెబుతుంటే నాకు నవ్వొస్తుంది.

మేం ఇన్నాళ్లూ అమ్మింది ఏమిటో అర్థమైతే మిగతాదంతా తేలిపోతుంది. పాట దొరక్కపోవడమే మా వ్యాపారం. కావలసిన పాట రేడియోవాడు వేస్తే వినాలి, లేదా మా కొట్టుకి రావాలి. ఆ కష్టం ఎన్నాళ్లుందో అన్నాళ్లూ మేం బతికాం.

మొదట్లో మా బోర్డు మీద "రికార్డింగ్ సెంటర్" అని ఉండేది. రెండు క్యాసెట్ డెక్కులు, ఎల్పీలు తిప్పే టర్న్‌టేబుల్ ఒకటి, గోడ నిండా ఎల్పీలు. కస్టమరు నోటుబుక్కు కాగితం చింపి పాటల చీటీ రాసుకొచ్చేవాడు. సినిమా పేరు తెలిస్తే సినిమా పేరు, తెలియకపోతే "హీరోయిన్ బావి దగ్గర పాడేది" అని. 60 క్యాసెట్టా 90 క్యాసెట్టా అని అడిగి, ఎల్లుండి రమ్మనేవాణ్ని. 90 అంటే ఒక్కో వైపు 45 నిమిషాలు. చీటీలో ఉన్న వరసలోనే ఎక్కించుకుంటూ పోతే సైడు చివర పాట మధ్యలో తెగిపోతుంది. అలా తెగిందా, వాడు ఇంక మన గుమ్మం తొక్కడు. అందుకని ప్రతి పాట నిడివీ రాసుకున్న పొడుగు పుస్తకం ఒకటి గల్లాపెట్టె కింద ఉండేది. పాటల్ని అటూ ఇటూ మార్చి కూడేవాణ్ని. చివర రెండు నిమిషాల నలభై సెకన్లు మిగిలితే అంతలో పట్టే పాట ఒకటి వెతికి నా తరఫున వేసేవాణ్ని. వారం తర్వాత వచ్చి "చీటీలో లేని పాట ఒకటి వేశారు, అదే బాగుందండీ, ఏ సినిమాలోది?" అని అడిగేవాళ్లు. ఆ సినిమా క్యాసెట్ కూడా వాళ్లకే అమ్మేవాణ్ని. ఈ చివరి పాట కిటుకు నాకు మా గురువు గారు నేర్పారు. ఆయన కొట్టు పూర్ణా మార్కెట్ వైపు ఉండేది.

చట్టం లెక్కన అది దొంగ సరుకే. దాచడమెందుకు, అప్పట్లో ఊళ్లో ఉన్న రికార్డింగ్ సెంటర్లన్నీ అదే పని చేశాయి. తర్వాత రోజుల్లో పైరసీ మమ్మల్ని ముంచిందని మేమే ఏడ్చాం.

తొంభైల్లో కంపెనీ క్యాసెట్ల రాజ్యం. ధర తగ్గింది, జనం ఎగబడ్డారు. పెద్ద హీరో సినిమా ఆడియో రిలీజైన రోజు పొద్దున్న ఏడింటికే షట్టరు ముందు కుర్రాళ్లు కూర్చునేవాళ్లు. పూజ చేయించి, దండ వేసి, మొదటి క్యాసెట్ కొబ్బరికాయ కొట్టి తీసుకెళ్లిన అభిమాన సంఘాల వాళ్లున్నారు. పైకి పండగలా ఉండేది గానీ ఒక్కో క్యాసెట్ మీద మిగిలేది మూడు నాలుగు రూపాయలే. పాటలు బాగోలేకపోతే మిగిలిన సరుకు వెనక్కి తీసుకునేవాడు లేడు. కొత్త సినిమాల మీద వచ్చింది కొత్త సినిమాల మీదే పోయేది. నిజంగా ఇల్లు నడిపినవి భక్తి క్యాసెట్లు. కార్తీకంలో శివ స్తోత్రాలు, మాల వేసుకునే రోజుల్లో అయ్యప్ప పాటలు, ధనుర్మాసంలో తిరుప్పావై, సింహాచలం చందనోత్సవానికి అప్పన్న పాటలు. వాటికి ఫ్లాపు లేదు, ఏడాది తర్వాతైనా అదే ధర.

విశాఖకి ఇంకో వరం ఉండేది. నేవీ. తూర్పు నౌకాదళం కేంద్రం ఇక్కడే కాబట్టి రెండు మూడేళ్లకోసారి కొత్త కుటుంబాలు దిగేవి, పంజాబీలు, మలయాళీలు, బెంగాలీలు. వాళ్లకి వాళ్ల భాష పాటలు దొరికే చోటు ఊళ్లో లేదు. నేను మలయాళం క్యాసెట్లు ఒక అర, పంజాబీ ఒక అర పెట్టాను. తెలుగులో బేరమాడినట్టు వాళ్లు ఆడేవాళ్లు కాదు. స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్ నుంచి ఇంగ్లిషు పాటలకి వచ్చే ఇంజనీర్లు కొందరు. మీ నాన్నగారిది గాజువాక కదా, వాళ్లని నాకంటే ఆయనకే బాగా తెలుసు, అడిగి చూడండి.

ఇక దెబ్బలు ఎలా పడ్డాయో చెబుతాను.

మొదటిది ఎంపీ3 సీడీ. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. 700 ఎంబీ సీడీలో నూట యాభై పాటలు పడతాయి. మామూలు ఆడియో సీడీలో పట్టేది 74 నుంచి 80 నిమిషాలే, మహా అయితే పదిహేను పాటలు. నేను నూట యాభై పాటలు క్యాసెట్లలో అమ్మాలంటే కనీసం పదిహేను క్యాసెట్లు అమ్మాలి. ఫుట్‌పాత్ మీద అదంతా ఒక్క సీడీలో, ఒక క్యాసెట్ ధరకే దొరికింది. 2001, 2002 ప్రాంతంలో మా అమ్మకాలు సగానికి పడ్డాయి. అప్పటికి మా వీధిలో నెట్ అంటే గంటకింత అని తీసుకునే నెట్ సెంటరే. అక్కడ ఒక పాట దిగడానికి అరగంట పట్టేది, మధ్యలో ఫోన్ లైను తెగకపోతే.

రెండోది ధర కూలిపోవడం. 2007లో మోజర్ బేర్ వాళ్లు సినిమా వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34 రూపాయలకి తెచ్చారు. జనానికి మంచిదే, పైరసీవాడికీ అది పెద్ద దెబ్బే. కానీ 28 రూపాయల డిస్కు మీద షాపుకి ఆరు రూపాయలు మిగిలిందనుకోండి. అప్పటి నా అద్దె 18 వేలు. అద్దెకే నెలకి మూడు వేల డిస్కులు, రోజుకి వంద అమ్మాలి. కుర్రాడి జీతం, కరెంటు బిల్లు దానికి పైన. పైగా ఆ ధరకి సరుకు కిరాణా కొట్టులో బిస్కెట్ ప్యాకెట్ల పక్కన కూడా పెట్టేశారు. తక్కువ ధరకి ఎక్కువ అమ్మితే వ్యాపారం పెరుగుతుందనే లెక్క తయారీదారుకి పనికొస్తుంది. మెయిన్ రోడ్డు మీద అద్దె కట్టేవాడికి పనికిరాదు. ఆ కంపెనీ కూడా చివరికి 2018లో లిక్విడేషన్‌కి పోయింది.

ఆపైన టీవీ. ఒకప్పుడు సినిమా టీవీలో రావడానికి ఏళ్లు పట్టేది. శాటిలైట్ హక్కులకి గిరాకీ పెరిగాక కొన్ని నెలల్లోనే పండక్కి వేసెయ్యడం మొదలైంది. ఆదివారం సాయంత్రం ఊరికే వచ్చే సినిమాకి డీవీడీ ఎవడు కొంటాడు?

మూడోది మెమొరీ కార్డు. దీని గురించి ఎవరూ రాయరు గానీ మా చావుకి అసలు కారణం ఇదేనని నా నమ్మకం. 2008 నుంచి ఓ ఐదారేళ్లు, రీఛార్జి కొట్టులో కంప్యూటరు పెట్టుకుని, చైనా ఫోన్‌లోని చిన్న కార్డు తీసి, ముప్పయ్యో యాభయ్యో తీసుకుని నిండా పాటలు కొట్టి ఇచ్చేవాళ్లు. "ఏ పాటలు కావాలి?" అని అడిగేవాడే లేడు. ఫోల్డరుకి ఫోల్డరే ఎక్కించేవాళ్లు. నా పొడుగు పుస్తకం విలువ ఆ రోజుతో సరి. నేనూ సిగ్గు చంపుకుని ఏడాది చేశాను. ఒక కుర్రాడు కార్డిచ్చి "అంకుల్, ఏవైనా వెయ్యండి" అన్నాడు. ఇరవై ఏళ్లలో ఆ మాట ఎవరూ అనలేదు నాతో.

అంటే నెట్ ఫోనులోకి రాకముందే పాటకి ధర పోయింది. తర్వాత యూట్యూబు, ఫోన్‌లో చవక డేటా వచ్చేసరికి, పాటలు ఒక్కొక్కటే లిరికల్ వీడియోలుగా విడుదలయ్యేసరికి, ఆడియో రిలీజు రోజు అనేదే లేకుండా పోయింది. కొబ్బరికాయలు ఇప్పుడు వ్యూస్ లెక్కకి కొడుతున్నారేమో తెలీదు.

ఇంతలో అద్దె మాత్రం ఏడాదికి పది శాతం చొప్పున పెరుగుతూనే ఉంది. ఓనర్ని తప్పు పట్టలేను, పక్క షాపులో సెల్‌ఫోన్లు అమ్మేవాడు నాకంటే రెట్టింపు ఇస్తానన్నాడు. మెయిన్ రోడ్డు మీద నిలబడగలిగేది ఎప్పుడూ ఆ రోజుకి ఎక్కువ మార్జిన్ వచ్చే సరుకే. 2009లో మా డిస్ట్రిబ్యూటరు అరువు ఆపేశాడు. నెలాఖరుకి కట్టే అలవాటు ఉన్నవాణ్ని రొక్కం పెట్టి సరుకు తెచ్చుకోవాల్సి వచ్చింది. అలా తెచ్చిన సరుకు కదలకపోతే డబ్బు అరల్లో చచ్చిపడి ఉంటుంది.

చివరికి హుద్‌హుద్ తుపాను. 2014 అక్టోబరు 12, ఆదివారం. మంగళవారం గానీ కొట్టు దగ్గరకి వెళ్లలేకపోయాను, దారి నిండా చెట్లే. ముందు అద్దం లేదు, బోర్డు ఎదురు మేడ మీద ఉంది. డిస్కులకి నీళ్లు ఏమీ చెయ్యవు, తుడిస్తే పోతుంది. పోయింది ఇన్లే కార్డులు, అంటే డబ్బాలో పెట్టే బొమ్మల కాగితాలు. బొమ్మల రంగులన్నీ కలిసిపోయి, కాగితం డబ్బాకి అతుక్కుపోయి, లాగితే ముక్కలుగా వచ్చింది. కార్డు లేని సీడీని ఎవరూ కొనరు. ఇన్సూరెన్స్ వాళ్లు "డిస్కు పనిచేస్తోంది కదా, నష్టం ఎక్కడ?" అన్నారు. ఆ వారమంతా కరెంటు లేదు, ఫోన్లకి సిగ్నల్ లేదు. మా కొట్టుకి ముగ్గురు వచ్చారు. ముగ్గురూ అడిగింది ఒకటే, సెల్స్‌తో పాడే ట్రాన్సిస్టర్ రేడియో ఉందా అని. నేను రేడియోలు అమ్మడం మానేసి పదేళ్లు.

ఆ తర్వాత ఆరు నెలలు లాగాను, లాభం లేకపోయింది.

ఇప్పుడు మీ హెచ్‌ఎంవీ సంగతి. లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ 363 నంబరులో 1921లో తెరిచారు, సంగీతకర్త ఎడ్వర్డ్ ఎల్గార్ వచ్చి ప్రారంభించారు. అక్కడి కథ మనదానికి దగ్గరగానే ఉంది. చార్టుల్లో పైనున్న సీడీలని సూపర్ మార్కెట్లు పాలు, రొట్టెల పక్కన చవగ్గా పెట్టి వెన్నంతా తీసుకుపోయాయి. ఆన్‌లైన్ కంపెనీలు జెర్సీ, గర్న్‌సీ దీవుల నుంచి సీడీలు పంపేవి, చిన్న విలువ పార్సిళ్లకి వ్యాట్ ఉండేది కాదు. 2012 ఏప్రిల్ 1న ఆ వెసులుబాటు తీసేసేటప్పటికే ఆలస్యమైపోయింది. 2008 చివర్లో వూల్‌వర్త్స్ అనే పెద్ద షాపుల సంస్థ కూలితే, దాని సరఫరా విభాగం మీద ఆధారపడ్డ జావీ అనే సీడీ షాపుల గొలుసు కూడా నెల తిరక్కుండా పడిపోయింది. అరువిచ్చేవాడు పోతే అమ్మేవాడూ పోతాడు. నాకు 2009లో జరిగింది, వాళ్లకి ఓ ఏడాది ముందు జరిగింది. హెచ్‌ఎంవీ 2013 జనవరిలో ఒకసారి, 2018 డిసెంబరులో మరోసారి దివాలా అంచుకెళ్లింది. 2019లో కెనడాకి చెందిన డగ్ పుట్‌మన్ కొన్నాడు. కొని మొదట చేసిందేమిటంటే, ఖర్చు గిట్టని 27 షాపులు మూసెయ్యడం. అందులో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ షాపు కూడా ఉంది. 2023 నవంబరులో అక్కడే మళ్లీ తెరిచారు. కానీ లోపల టీ షర్టులు, బొమ్మలు, సినిమా క్యారెక్టర్ల సామాన్లు బోలెడు. పాటల పేరు చెప్పి అభిమానానికి సంబంధించిన వస్తువులు అమ్ముతున్నారు. మీరు పేపర్లో చదివింది తెరిచిన వార్త ఒక్కటే.

మన దేశంలో సంగతి చూడండి. కోల్‌కతా పార్క్ స్ట్రీట్‌లో మ్యూజిక్ వరల్డ్ 2013లో, ముంబయిలో రిథమ్ హౌస్ 2016లో మూతపడ్డాయి. అవి మా లాంటి చిన్న కొట్లు కావు.

ఎల్పీలకి మళ్లీ గిరాకీ వచ్చిన మాట నిజమే. అమెరికాలో 2022లో సీడీల కంటే ఎల్పీలు ఎక్కువ అమ్ముడయ్యాయి, 1987 తర్వాత అదే మొదటిసారి. కానీ అక్కడ కూడా సంగీతం మీద వచ్చే రాబడిలో పెద్ద ముక్కంతా స్ట్రీమింగ్‌దే. సిరిపురం లెక్క వేద్దాం. కొత్త ఎల్పీ 3 వేలనుకోండి, మీకు 600 మిగిలిందనుకోండి. అద్దె 40 వేలు, ఒక మనిషి 15 వేలు, ఏసీ కరెంటు 8 వేలు, మొత్తం 63 వేలు. నెలకి 105 ఎల్పీలు అమ్మితే మీకు ఒక్క రూపాయి మిగలకుండా సమానం అవుతుంది. విశాఖలో టర్న్‌టేబుల్ పనిచేస్తున్న ఇళ్లు నాకు తెలిసినవి ముప్పై లోపే. నాకు తెలియనివి ఇంకో రెండొందలు ఉన్నాయనుకున్నా, వాళ్లలో సగం మంది ప్రతి నెలా మీ దగ్గరే ఒక రికార్డు కొనాలి. జరగదు. వాళ్లూ ఆన్‌లైన్‌లోనే చూసి తెప్పించుకుంటారు, మీ షాపులో కవరు తిప్పి చూసి వెళ్లిపోతారు.

కాఫీ మీద మిగులుతుందంటారా, అయితే కాఫీ షాపు పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. అప్పుడు రికార్డులు గోడకి అలంకారం. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి, షాపులో పాటలు వినిపించాలంటే లైసెన్సు కావాలి. డబ్బిచ్చి కొన్న డిస్కైనా సరే, నలుగురు కూర్చునే చోట వేస్తే అది వేరే హక్కు. ఆ లైసెన్సు ఇవ్వడానికి పీపీఎల్, ఐపీఆర్‌ఎస్ వంటి సంస్థలున్నాయి. అలాగే ఎవరో అడిగారని సినిమా పాటలు పెన్‌డ్రైవ్‌లోకి కొట్టి ఇవ్వకండి. 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది. మా రోజుల్లో ఎవరూ చూడలేదు, ఇప్పుడు చూస్తారు.

మరి ఏం నడుస్తుంది? నేను ఇప్పుడు చేస్తున్నది చెబుతాను. అక్కయ్యపాలెంలో మా ఇంటి ముందు గదిలోనే, అద్దె లేకుండా. పాత పెళ్లి వీడియో క్యాసెట్లు, ఇంట్లో రికార్డు చేసుకున్న మాటల క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి మారుస్తాను. టర్న్‌టేబుళ్లకి బెల్టు, ముల్లు మారుస్తాను. సముద్రపు గాలి నాకు గిరాకీ తెచ్చిపెడుతోంది. పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ వైపు ఇళ్లలో డెక్కులు తుప్పు పట్టినంతగా లోపలి ఊళ్లలో పట్టవు. క్యాసెట్లలో హెడ్‌కి టేపుని ఆనించే చిన్న స్ప్రింగు పచ్చగా చిలుం పట్టి విరిగిపోతుంది. వీహెచ్ఎస్ టేపుకి అంచున తెల్లగా బూజు పడుతుంది. దాన్ని అలాగే వీసీఆర్‌లో పెడితే హెడ్డు పాడై, తర్వాత పెట్టిన క్యాసెట్‌కి కూడా అంటుకుంటుంది. ముందు డబ్బా విప్పి, టేపు తుడిచి, ఇంకో డబ్బాలోకి ఎక్కించాలి. ఒక్కోదానికి సగం పూట పడుతుంది. ఈ పని ఏ యాప్ చెయ్యదు, డబ్బు అడగడానికి మొహమాటం ఉండదు.

మొన్నామధ్య ఒకావిడ తన పెళ్లి క్యాసెట్ తెచ్చారు. తుడిచి పెట్టాను. మంగళస్నానాలు, పెళ్లికొడుకు రావడం, అంతా బాగానే ఉంది. జీలకర్ర బెల్లం వేళకి బొమ్మ ఒక్కసారి ఊగింది. ఆపైన ఇందిరా ప్రియదర్శిని స్టేడియం, ఆస్ట్రేలియా–కెన్యా, 1996 ఫిబ్రవరి, వరల్డ్ కప్ మ్యాచ్. మన ఊళ్లో జరిగింది కదా అని వాళ్ల మరిది చేతికందిన క్యాసెట్ పెట్టి టీవీలోంచి రికార్డు చేసుకున్నాడట. మార్క్ వా సెంచరీ కొట్టాడు, తలంబ్రాలు మాత్రం లేవు. ఆవిడ అక్కడే ఫోన్ చేసి మరిదిని తిట్టారు. ఆయన అటునుంచి "వదినా, ఆ మ్యాచ్ ఉందా! నాకో కాపీ" అన్నాడట. పెళ్లి భాగం మాత్రమే తీసి ఇచ్చాను, మ్యాచ్ నాది కాదు, వాళ్లదీ కాదు.

దీంతో నాకు నెలకి పది పన్నెండు వేలు వస్తాయి. పింఛను లాంటిది. మీ బెంగళూరు జీతానికి ఇది బదులు కాదు, అందుకే ఉద్యోగం మానెయ్యొద్దంటున్నాను. సరదా తీరాలంటే నెలకో ఆదివారం ఎక్కడైనా ఓ హాలు తీసుకుని పాత రికార్డులు పరిచి చూడండి. ఎంతమంది వచ్చారు, ఎంతమంది కొన్నారు, రెండూ విడివిడిగా రాసుకోండి. ఆరు నెలలు చూశాక షాపు మాట ఆలోచిద్దాం.

ఇక ఇంట్లో ఉన్న ఆ పదకొండు పెట్టెలు. సినిమా వీసీడీలు, ఎంపీ3 సీడీలకి విలువ లేదు, ఆశ పెట్టుకోకండి. చూడాల్సినవి ఎల్పీలు ఏవైనా ఉంటే అవి, సీలు తియ్యని క్యాసెట్లు, ఉత్తరాంధ్ర జానపదాలు, హరికథలు, బుర్రకథలు, ఊళ్లో చిన్న కంపెనీలు వేసిన భక్తి పాటలు. పెద్ద కంపెనీల పాటలన్నీ నెట్‌లో ఉన్నాయి, ఇవి చాలా మటుకు ఎక్కడా లేవు. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని జాబితా రాయండి, ఏది ఎక్కణ్ణుంచి తెచ్చారో ఆయనకి గుర్తుంటుంది. ఎల్పీలు ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, పుస్తకాల్లా నిలబెట్టండి. పెట్టెలు నేల మీద ఉంటే ఈ వారంలోనే బల్ల మీదకి ఎత్తించండి, వానలు మొదలైతే ముందు తడిసేది అడుగు పెట్టే.